కాగితం లేని ప్రింటరు

మొన్న ఒక పుస్తకాల పెట్టె రాయ్‌పూర్ పంపుదామని గోల్ బజార్ దగ్గరున్న పార్సెల్ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు వెనక పాతకాలపు ప్రింటరు ఒకటి కీచుకీచుమంటూ రసీదు కొడుతోంది. ఇవి ఇంకా బతికే ఉన్నాయా అనిపించింది. సూదుల తల అటూ ఇటూ పరుగెత్తే ఆ చప్పుడు, వేడెక్కిన రిబ్బను సిరా వాసన, రెండంచులా కన్నాలతో మడతలు మడతలుగా పైకి లేచే కాగితం. రసీదు అందుకోవడం మానేసి, కౌంటరు మీద సగం వంగి, ఆ ప్రింటరు వెనక ఇంకా కాగితం ఉందో లేదో చూశాను. కౌంటరాయన "క్యా ఢూంఢ్ రహే హో, బాబా?" అన్నాడు, ఏం వెతుకుతున్నావని. "కాగజ్" అన్నాను. ఏ ఆస్పత్రి నుంచి తప్పించుకొచ్చాడో అన్నట్టు నన్ను చూసి, రసీదు చేతిలో పెట్టాడు.

పాపం, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకి తెలియదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కంప్యూటరు చేత మొట్టమొదట నోరు విప్పించినవాణ్ణి నేను. తొంభైల్లో, డ్రైవర్లని డ్యూటీకి పిలిచే ప్రోగ్రాం రాసినవాణ్ణి నేను. అది తాను చేసిన ప్రతి పనినీ తానే రాసుకునేలా చేసినవాణ్ణి నేను. పెద్ద పెద్ద సాబులు వచ్చి, తెర మీద వరసగా దిగే అక్షరాలు చూసి, నా భుజం తట్టి వెళ్ళేవారు. సింహాచలం లేకపోతే ఈ లైన్లో బొగ్గు కదలదని ఒకాయన అన్నాడు కూడా.

ఇదంతా నేను పెళ్ళిళ్ళలో, పదవీ విరమణ సభల్లో చెప్పుకునే పాఠం. కాగితం మీద పెట్టేసరికి అక్షరాలు నా వంక చూసి నవ్వుతున్నాయి. కాబట్టి కొంత కోసేస్తాను. బొగ్గు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ప్రోగ్రాం నేను రాయలేదు, కామేశ్వరి గారు రాశారు. నేను రాసింది, అది తన పని గురించి తాను చెప్పుకునే ముక్క మాత్రమే. ఆ ముక్కలోనూ బాగున్నదంతా ఆవిడది. బాగులేని మాట ఒక్కటుంది, అది నాది.

కామేశ్వరి గారు మా కంప్యూటర్ సెక్షనుకి పెద్ద. శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువుకి వచ్చి ఇక్కడ ఆవిరి ఇంజన్లు నడిపిన డ్రైవరు గారి అమ్మాయి. కాలనీ క్వార్టర్లోనే పుట్టి, హిందీ బడిలో లెక్కలు చదివి, ఇంట్లో మన తెలుగు, ఆఫీసులో హిందీ, యంత్రంతో ఇంగ్లీషు మాట్లాడేవారు. పొట్టి మనిషి. మే నెలలో బయట తారు కరిగిపోతుంటే ఆవిడ స్వెట్టరు వేసుకుని కూర్చునేవారు. బిలాస్‌పూర్ ఎండలో ఏసీ ఉన్న గది మాది ఒక్కటే, అదీ మా కోసం కాదు, యంత్రం కోసం. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాలి. దుమ్ము పడకూడదట. కొత్తగా వచ్చినవాళ్ళు యంత్రానికి దండం పెట్టబోతే "దణ్ణం అక్కర్లేదు గానీ, కాళ్ళు దులుపుకో" అనేవారు ఆవిడ.

నేను చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని లాగ్ రాయించడం. లాగ్ అంటే, ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ తాను ఏం చేస్తోందో ఒక ఫైల్లో రాసుకుంటూ పోవడం. ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో మనం దాన్ని చూసి తెలుసుకుంటాం. నేను కుర్రతనపు ఉత్సాహంలో దాని చేత అన్నీ రాయించాను. మీట నొక్కితే రాసింది, తెర మారితే రాసింది, ఏమీ జరగకపోతే ఏమీ జరగడం లేదని రాసింది. కొన్నాళ్ళకే, పొద్దున్న పని ముమ్మరంగా ఉన్న వేళ, యంత్రం బిగుసుకుపోయింది. ఫోన్లు మోగిపోతున్నాయి. కామేశ్వరి గారు కాసేపు తెర ముందు కూర్చుని, కళ్ళజోడు తీసి నా వైపు తిరిగారు.

"ఏటయ్యా సింహాచలం, డిస్కు నిండిపోయింది. ఏటి రాయించావు దీని చేత, రామకోటా?"

"అన్నీ రాయమన్నారు కదండీ మేడమ్."

"అన్నీ అంటే? ఇంటికెళ్ళి ఆఫీసు కబుర్లు మీ ఆవిడకి చెప్తావు కదా. ఎన్నిసార్లు రెప్ప వేశావో కూడా చెప్తావేటి?"

"ఆవిడ అడగదండీ."

"మరి అడిగిందాకా చెప్పకు."

ఆ రోజే ఆవిడ ప్రోగ్రాం బయట ఒక చిన్న ఫైలు పెట్టారు. ప్రోగ్రాంలో ఒక్కో భాగానికీ అందులో ఒక్కో లైను. ఆ భాగం ఎంత మాట్లాడాలో, ఎక్కడ రాయాలో అందులో ఉంటుంది. మామూలు రోజుల్లో అన్నీ తక్కువ మాట్లాడాలి. ఏ భాగానికి జబ్బు చేస్తే ఆ ఒక్కదాని నోరు తెరిపించాలి, నయమయ్యాక మళ్ళీ మూయించాలి. అందుకోసం ప్రోగ్రాం జోలికి వెళ్ళనక్కర్లేదు, ఆ లైనులో మాట మారిస్తే చాలు. రోజుకో కొత్త లాగ్ మొదలవ్వాలి, పాతవి టేపులోకి ఎక్కించి డిస్కు మీంచి తుడిచెయ్యాలి. ఇవాళ ఇదంతా ప్రతి పిల్లాడికీ తెలిసిన సంగతి కావచ్చు. ఆ రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదు, ఆవిడ కూర్చుని ఆలోచించి చేశారు. తర్వాతి కాలంలో రెండు మూడు ఊళ్ళలో దీని మీద నేను ఉపన్యాసాలిచ్చాను. ఆవిడ పేరు ఎక్కడా చెప్పలేదు. చెప్పానేమోనని ఇందాకటి నుంచి గుర్తు తెచ్చుకుంటున్నాను. లేదు, చెప్పలేదు.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. ప్రోగ్రాం రాసే ప్రతి మాటనీ మా చేత పైకి చదివించేవారు. నేను ఒకచోట "ఎర్రర్" అని రాయించి ఊరుకున్నాను. చదవమన్నారు. చదివాను. "ఎవరికి చెప్తున్నావు?" అన్నారు. "లాగ్‌కి" అన్నాను. "లాగ్ నీ మేనత్తేటి? తరవాతి డ్యూటీకి వచ్చినవాడికి చెప్తున్నావు. వాడు నిన్ను చూడలేదు, నువ్వు వాణ్ణి చూడలేదు. ఆ వచ్చినవాడికి అర్థమయ్యేలాగ చెప్పు" అన్నారు. తర్వాత తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు.

రైల్వేలో డ్రైవరుని డ్యూటీకి పిలవడానికి ఇంటికి వచ్చే మనిషిని కాల్‌బాయ్ అంటారు. తల నెరిసినా బాయ్ బాయే. చేతిలో ఒక పుస్తకంతో క్వార్టరుకి వచ్చి, ఫలానా బండికి ఫలానా వేళకి రావాలని చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. కామేశ్వరి గారి నాన్నగారికి ఒంట్లో బాగులేని రోజున వాళ్ళమ్మగారు తలుపు గడియ వేసుకుని, పిల్లల నోళ్ళు మూసి కూర్చునేవారట. అప్పటి కాల్‌బాయ్ ఒకాయన, లోపల మనుషులున్నారని తెలిసి కూడా, "పిలిచాను" అని రాసేవాడు కాదట. "తలుపు తట్టాను. తియ్యలేదు" అని రాసేవాడట. "చూశావా? తట్టిందే ఆయన ఎరుగున్నది. అదే రాశాడు. ఇంట్లో ఉన్నారనీ రాయలేదు, లేరనీ రాయలేదు. నీ ప్రోగ్రాం కూడా అలగే ఉండాలి."

అప్పుడే నా చేతి కింది ఆ ఒక్క మాట ఆవిడ కంట పడింది. మేం పెట్టిన కొత్త పద్ధతి ఇది. డ్రైవర్లు డ్యూటీ ఎక్కే చోటుని లాబీ అంటాం. కంప్యూటరు ఎవరి వంతో లెక్క చూసి, లాబీలో ఉన్న ప్రింటరుకి చీటీ పంపుతుంది. కాల్‌బాయ్ ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్తాడు. చీటీ ప్రింటరుకి పంపగానే లాగ్‌లో నేను రాయించిన మాట "కాల్ గివెన్ సక్సెస్‌ఫుల్లీ".

"సక్సెస్ నీకెలగ తెలుసు? ప్రింటరుకి పంపావు, అంతే. 'ప్రింటరుకి పంపాను' అని రాయి. కాల్‌బాయ్ తిరిగొచ్చి, చెప్పానన్నాక, అప్పుడు ఇంకో లైను రాయించు."

"సరే మేడమ్" అన్నాను.

మార్చలేదు. ఎందుకని అడిగితే నిజం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ మాట అందంగా ఉండేది. మా సాబుకి అదంటే ముచ్చట. ఎవరైనా చూడటానికి వస్తే, తెర నిండా వరసగా "సక్సెస్‌ఫుల్లీ" దిగుతుంటే వాళ్ళ ముఖాలు వెలిగేవి. ఆ వెలుగులో నేను నిలబడేవాణ్ణి. కంప్యూటరే అంత చక్కగా రాస్తోంటే ఇక పుస్తకంలో సంతకాలెందుకని సాబు పుస్తకాన్ని ఆపించేశారు కూడా. ఆ ఎండాకాలం వాళ్ళమ్మగారి కంటి ఆపరేషనుకని సెలవు మీద వెళ్తూ కామేశ్వరి గారు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగారు.

"ఆ మాట తీసేశావు కదా?"

"తీసేశాను మేడమ్."

ఆవిడ తిరిగొచ్చేసరికి గొడవ జరిగిపోయింది. ఒక సాయంత్రం యార్డులో గూడ్సు బండి సిద్ధంగా ఉంది, డ్రైవరు రాలేదు. అప్పన్న అనే డ్రైవరు వంతు. బండి చాలాసేపు నిలిచిపోయింది. ఆఖరికి వేరే ఆయన్ని పట్టుకొచ్చి పంపి, అప్పన్నకి గైరుహాజరు వేశారు. బజారుకెళ్ళొచ్చేసరికి ఇంటికి పిలుపే రాలేదన్నాడు అప్పన్న. లాగ్ తీసి చూస్తే, పిలుపు సక్సెస్‌ఫుల్లీ అందిందని, వేళతో సహా ఉంది. కాల్‌బాయ్‌ని అడిగితే "నా చేతికి వచ్చిన చీటీలన్నీ ఇచ్చేశాను" అన్నాడు. అది నిజమే. రాని చీటీ సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇక మిగిలింది ఇంట్లో ఉన్న మనిషి, అప్పన్న భార్య పైడమ్మ. పిలుపు వచ్చినప్పుడు ఆవిడే నిద్రపోయిందో, పక్క క్వార్టరులో టీవీ ముందు కూర్చుందో అని అందరూ తేల్చేశారు. అందరితో పాటు అప్పన్న కూడా తేల్చేశాడు. "మిషనుకి అబద్ధమాడే అవసరమేటే?" అని వీధిలో పదిమంది ముందు అరిచాడట. ఆ రోజు నుంచి పైడమ్మ మొగుడికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడవమంటే, విడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. కామేశ్వరి గారు సెలవు నుంచి వచ్చిన రోజే అది. పైడమ్మ ఎవరినీ తిట్టలేదు. తెరని చూసి, "ఇదేనామ్మా? ఇది మా ఇంటికొచ్చిందా? నన్ను చూసిందా ఇది?" అంది.

"ఏం జరిగిందమ్మా, కూర్చుని చెప్పు" అన్నారు కామేశ్వరి గారు.

"గుమ్మంలో కూకుని బియ్యం ఏరుకుంటన్నాను. మద్దినేల్నుంచి దీపాలెట్టే దాకా అక్కడే ఉన్నాను. కుక్క కూడా రానేదు. నేనబద్దం ఆడతానని ఈ కాలనీలో ఎవరూ అననేదు తల్లీ ఇన్నాళ్ళూ. ఇప్పుడు మా ఆయనే అంటన్నాడు."

కామేశ్వరి గారు లాగ్ అచ్చు తెప్పించి చూశారు. ఆ మాట దగ్గర వేలు ఆగింది. కాగితాన్ని నా బల్ల మీద, నా వైపు తిప్పి పెట్టారు. తిడతారని కాచుకుని ఉన్నాను. తిట్టి ఉంటే నేను ఇంత కాలం బతికినదాని కంటే కాస్త సుఖంగా బతికి ఉండేవాణ్ణి. ఆవిడ ఆ కాగితం తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆ ఎండలో సాబు గదికి వెళ్ళారు.

మర్నాడు లాబీలో విచారణ. పైడమ్మ కూడా ఉండాలని కామేశ్వరి గారు పట్టుబట్టారు. ఆడవాళ్ళెందుకని సాబు విసుక్కున్నారు. "మాట పోయింది ఆవిడది కదా, సాబ్" అన్నారు ఈవిడ. అందరూ చూస్తుండగా ప్రింటరు దగ్గరకెళ్ళి, కాగితాల దొంతర మొత్తం లాగి కింద పెట్టారు. తర్వాత లాబీలోనే ఉన్న ఇంకో తెర ముందు కూర్చుని, డ్రైవరు పేరు ఉండాల్సిన చోట సాబు పేరు కొట్టి, పిలుపు పంపారు. ప్రింటరు మూలిగింది. చీటీ రాలేదు. తెర మీద మాత్రం మెరిసిపోతూ దిగింది నా వాక్యం. సాబు గారికి పిలుపు సక్సెస్‌ఫుల్లీ ఇవ్వబడినది.

"సాబ్, మీకు పిలుపు అందిందా?"

"కాగితం మీరే తీసేశారు కదా, మేడమ్!"

"ఆ రోజు కాగితం దానంతటదే అయిపోయింది సాబ్. ఎవరూ చూడలేదు. ఇది మాత్రం ఇలాగే రాసింది."

అచ్ఛా, అచ్ఛా అని గొణిగాడు కాల్‌బాయ్. అప్పన్న తల తిప్పి భార్యని చూశాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. సాబు ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ అందరికీ చూపించి మురిసిన మాట అది.

"కిస్‌నే లిఖా యే?" అన్నారు. ఎవరు రాశారిది?

నేను ఆవిడ కుర్చీ వెనకే ఉన్నాను. కింద పెట్టిన కాగితాల దొంతర అంచులు సరిచేస్తున్నాను. కన్నాలకి కన్నాలు కలుస్తున్నాయో లేదో చూస్తున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూస్తే అందరికీ తెలిసిపోయేది.

"నా సెక్షను రాసింది సాబ్. జిమ్మేదారీ నాది."

అప్పన్న మీద వేసిన గైరుహాజరు కొట్టేశారు. కొన్నాళ్ళకి కామేశ్వరి గారిని సామాన్ల గిడ్డంగి ఆఫీసుకి మార్చారు. అక్కడ కంప్యూటరు లేదు, ఏసీ లేదు, స్వెట్టరు అవసరం లేదు. రావలసిన ప్రమోషను ఆవిడకి రాలేదు. ఆవిడ కుర్చీ నాకు వచ్చింది. అందులో కూర్చుని నేను మొట్టమొదట చేసిన పని ఆ మాట తీసెయ్యడమని చాలామందికి చెప్పాను. అబద్ధం. వెళ్ళే రోజున ఆవిడే తీసేసి వెళ్ళారు.

ఒకసారి ధైర్యం కూడగట్టుకుని గిడ్డంగికి వెళ్ళాను. నట్లు, బోల్టుల మధ్య ఆవిడ టిఫిను డబ్బా విప్పుకుంటున్నారు. "మేడమ్, ఆ తప్పు నాది" అన్నాను. ఆవిడ చింతకాయ పచ్చడి అన్నంలో కలుపుకుంటూ, "నాకెందుకు చెప్తావయ్యా? నాకు తెలుసు. తెలీనోళ్ళున్నారు, వెళ్ళి చెప్పు" అన్నారు. డబ్బా మూతలో నాకూ రెండు ముద్దలు పెట్టారు. తిన్నాను. అదీ నాకు సిగ్గే.

ఆ మాట పట్టుకుని, ఆ సాయంత్రమే పైడమ్మ క్వార్టరుకి వెళ్ళాను. ఈ వ్యాసంలో ఎంత కోసినా ఈ ముక్క మాత్రం కోయనక్కర్లేదు. ఆవిడ నన్ను లోపల కూర్చోబెట్టి అల్లం టీ ఇచ్చింది. నేను చేతులు జోడించి, "తప్పు నాదమ్మా, ఆ మాట రాసింది నేను" అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని, "పోన్లే బాబూ" అంది. నా జీవితంలో నేను నిజంగా చేసిన మంచిపని అదొక్కటే అని నా మనసు.

కామేశ్వరి గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ దగ్గర నేర్చుకున్నది నాతో ఇంకా ఉంది. ఎవరైనా "అయిపోయింది" అంటే, నువ్వు చూశావా అని అడగకుండా ఉండలేను. మందుల షాపువాడి దగ్గర, కరెంటువాడి దగ్గర, ఇంట్లో కోడలి దగ్గర కూడా అడిగి చీవాట్లు తింటాను. ఇతరులని అడగడం ఇన్నాళ్ళూ బాగానే చేశాను.

రాయడం ముగించాక, కామేశ్వరి గారిని ఎరిగినవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది పైడమ్మ ఒక్కతేనని గుర్తొచ్చింది. అప్పన్న లేడు. కొడుకు ఇంట్లో ఉంటోంది. మనవలకి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు, అందుకని నేనే వెళ్ళి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నీ పేరు అచ్చులో వస్తుంది వదినా అని కూడా అన్నాను. అంతా విని ఆవిడ అన్నదాన్ని, ఒక్క ముక్క మార్చకుండా, ఇక్కడ పెడుతున్నాను.

"నువ్వు రానేదు బాబూ. వచ్చింది ఆవిడ. నీ స్కూటరు ఎనకాల కూకుని వచ్చింది. నువ్వు గేటు కాడ ఇంజను ఆపకుండా ఉండిపోయావు. లోపలికి రమ్మని మావోణ్ణి అంపిస్తే చెయ్యి ఊపేవు. టీ ఇచ్చింది ఆవిడకి. చేతులు జోడించి తప్పు నాదమ్మా అన్నాది ఆవిడ. మరి నేనేటనుకుంటాను? ఆవిడదే అనుకున్నాను. పోన్లే అని కూడా అన్నేదు నేను. బజార్లో ఎదురైతే మొకం తిప్పుకునేదాన్ని. ఆవిడ పోయిన రోజు మా ఈధిలోంచే తీసుకెల్లారు. అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. నేను తలుపేసేసుకున్నాను."